గొలుసు ఉపవాసం తెంపినదాని ఉత్తరం

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
8 జూలై 2025

నా తోడబుట్టిన చెల్లి చరితకు, అక్క దోర్కా ప్రభువు నామమున వందనాలు చెప్పి రాయునది.

హిజ్కియా రాజు చావు పుండుతో మంచం పడితే, దాని మీద అంజూరపు ముద్ద కట్టమన్నది ఎవరు? వైద్యుడా, ప్రవక్తా? జవాబు చెప్పు! ఫోనులో నా గొంతు వినగానే కట్ చేస్తున్నావు కనుక కాగితం మీద అడుగుతున్నాను. కట్టమన్నవాడు యెషయా ప్రవక్త. ప్రార్థన మాట చెప్పిన నోటితోనే మందూ చెప్పాడు. నీ రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలాక నీకోసం గొలుసు ఉపవాసం పట్టిన మన సంఘం ఆడవాళ్లు ఆ చోటుకు రాగానే పేజీ ఎందుకు తిప్పేస్తున్నారు?

నీకోసం రోజుకో ఇల్లు పస్తుంటోంది. ఆ గొలుసు ముగియడానికి ఇంకా మూడు వారాలుంది, ముగిసిన మర్నాడే కీమో. దానికి ముందే అండాలు తీయించి దాచుకోమని డాక్టరమ్మ చెప్పింది కదా. గొలుసు నడుస్తుండగా ఆ పని చేస్తే దేవుణ్ణి అనుమానించినట్టేనట! మీ అత్తగారు చంద్రావతమ్మ తీర్పు అది. పైగా, రోగం పట్టిన ఒంట్లో గుడ్లు మాత్రం బాగుంటాయేటి, పాడైపోయినవి దాసి ఏటి సేత్తాం అని కూటంలో అందరి ముందూ అంది. నువ్వు తల వంచి మోకరించావు.

నీ తలమీద అందరూ చేతులుంచి ఏడుస్తుంటే నా కడుపు మండిపోయింది, చరితా. పెళ్లయి ఇన్నేళ్లు నా ఒడి ఖాళీగా ఉంది. నాకోసం ఎవరైనా ఒక్క పూట అన్నం మానేశారా? వాక్యం చెప్పడానికి దోర్కా కావాలి. సీమంతానికి గాజులు తొడగడానికి మాత్రం దోర్కా చెయ్యి పనికిరాదు. రాహేలు అక్కను చూసి అసూయపడింది. మన ఇంట్లో అక్కే చెల్లిని చూసి కుళ్లుతోంది.

అయినా నీ రిపోర్టులు పట్టుకుని సిరిల్‌తో కలిసి కలకత్తా వెళ్లాను. నీ మొగుడు దారంతా నీ పేరే జపించాడు. దానికీ కుళ్లుకున్నాను. డాక్టరమ్మ నెమ్మదిగా విడమరిచింది. రొమ్ములో క్యాన్సర్ ఉన్నంత మాత్రాన అండాలు కుళ్లిపోవట. నీ వయసు వాళ్లకు ఎలా ఉంటాయో చాలావరకు అలాగే ఉంటాయట. వాటిని దెబ్బతీసేది కీమో మందు. రెండు వారాల్లో సూదులిచ్చి బయటికి తీయవచ్చు, ఆ సూదులకు హార్మోను మరీ పెరక్కుండా మాత్రలూ ఇస్తారు. దాచిన ప్రతి అండమూ బిడ్డ అవుతుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పింది. అబద్ధం చెప్పని మనిషిలా కనిపించింది.

యోసేపు కరువు రాకముందే ధాన్యం దాచాడు. కరువొచ్చాక కొట్లు కట్టాడా? అది అవిశ్వాసమన్నవాడు ఐగుప్తు దేశంలో ఒక్కడైనా ఉన్నాడా?

ఈరోజు పస్తు వంతు మా ఇంటిది. మధ్యాహ్నం మీ అత్తగారు ప్రార్థనకు వచ్చేసరికి నేను చేపల పులుసుతో అన్నం కలుపుకుంటున్నాను. ఆవిడ చూస్తుండగానే ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఇదేటి దోర్కమ్మా, సెల్లెలి పానం మీదకి తెచ్చినావు, నీకు లేని పిల్లలు దానికీ ఉండకూడదనా అని వీధి వినేలా అరిచింది. ముల్లు తీసి పక్కన పెట్టి, ఇంకో ముద్ద తిన్నాను. గొలుసు తెగింది. ఇంక నువ్వు ఆగడానికి కారణం లేదు.

నిన్ను చూసి ఓర్వలేని నీ అక్క,
దోర్కా

తా.క. ఈ మధ్యాహ్నం మీ అత్తగారు అరిచిన మాట పూర్తిగా అబద్ధం కాదు. సిరిల్ టీ తాగడానికి బయటికి వెళ్లినప్పుడు డాక్టరమ్మను నేను మొదట అడిగింది నీ గురించి కాదు. నావి దాచుకోవచ్చా అని అడిగాను. వయసెంత అంది. నలభై ఆరన్నాను. రాస్తున్న పెన్ను ఆపేసి, ఆలస్యమైపోయిందమ్మా అంది. ఆ క్షణాన నీవీ పోతే బాగుండునని నా మనసులో మెదిలింది. మెదలగానే నామీద నాకే భయం వేసింది. ఆ భయంతోనే నీ మాట ఎత్తాను, ఆ భయంతోనే అన్నం తిన్నాను. నాకు ఆలస్యమైంది, నీకు కాలేదు. సిరిల్ ఈ ఉత్తరం నీ చేతికిచ్చి బండి దగ్గరే నిలబడతాడు. నన్ను తిట్టుకుంటూనే చెప్పులు వేసుకో. రేపనకు. ఈరోజే, ఇప్పుడే కలకత్తా బయల్దేరు!