సత్యవతి పిన్నితో భోజనం

జూన్ 3, మంగళవారం
సత్యవతి పిన్ని ఫోన్ చేసింది. పదకొండేళ్ళ తర్వాత. పిన్ని అన్నది పిలుపే, చుట్టరికమేం లేదు.
"ఏటమ్మా సునీతా, బాగున్నావా?" నిన్నగాక మొన్న మాట్లాడినట్టే. వాళ్ళ కిరణ్, మా స్వాతి ఇష్టపడ్డారట. ఆదివారం వ్యాపార్ విహార్‌లో పంజాబీ హోటల్‌కి రావాలట, భోజనం చేస్తూ మాట ఖాయం చేసుకుందామట.
అచ్ఛా, వస్తాం అన్నాను. నా గొంతు అంత తియ్యగా ఉంటుందని నాకే తెలీదు.
నేను మర్చిపోయాననుకుంటోంది.

జూన్ 4
మర్చిపోలేదు. పదకొండేళ్ళ కిందట, రైల్వే తెలుగు సంఘం హాల్లో శుక్రవారం పూజ. వెండి హారతి పళ్ళెం కనబడలేదు. పిన్ని అప్పుడు ఆడవాళ్ళందరికీ పెద్ద, ఆఫీసరు గారి భార్య. అమ్మ, షెడ్‌లో ఫిట్టర్ పెళ్ళాం, పూజ సామాన్లు తోమేది. ఎవరూ చెప్పకుండా, తనంతట తనే. నేను డ్యూటీ దిగి వెళ్ళేసరికి పిన్ని వెతికించిన అమ్మ సంచీ నేల మీద బోర్లించి ఉంది. పులిహోర డబ్బా, కళ్ళజోడు, మోకాళ్ళకి రాసుకునే మందు. అమ్మ వంగి ఒక్కొక్కటీ ఏరుకుంటోంది. చుట్టూ ముప్పై మంది. ఒక్కరూ వంగలేదు.
రిక్షాలో అమ్మది ఒకటే మాట — "నాన్నకి చెప్పకు. ఎవరికీ చెప్పకు."
పోయేదాకా అమ్మ ఆ హాలు గుమ్మం తొక్కలేదు.
పళ్ళెం ఆ నెల్లోనే దొరికిందట, అటక మీద గుండిగల వెనకాల. పోయిన నెల సంఘంలో వంట చేసే సూర్యం చెప్పాడు. "సత్యవతమ్మే ఎవరికీ చెప్పొద్దన్నాదమ్మా. ఇప్పుడు చెప్తే మన పరువు పోతాది అన్నాది."

జూన్ 6
స్వాతి మూడు చుడీదార్లు మంచం మీద పరిచింది. ఏది బాగుంది అంటే పచ్చది అన్నాను. "నువ్వు ఖుషీయేనా అమ్మా?" ఖుషీయే అన్నాను. అమ్మమ్మ సంగతి దానికి తెలీదు. చెప్పొద్దంది కదా.
ఈయన ఆదివారం డ్యూటీలో ఉంటారు. తెలిసే ఒప్పుకున్నాను. ఉంటే ఆపుతారు.
ఎప్పుడు అడగాలి? రోటీలు రాగానేనా... కుల్ఫీ దాకా ఆగాలా?

జూన్ 7
నిద్ర బాగా పట్టింది.

జూన్ 8, ఆదివారం
నలుగురమే. ఏసీ ఉన్న పక్క కూర్చుంది పిన్ని. ఎవర్నీ అడక్కుండా తనే చెప్పీసింది — పనీర్, దాల్ మఖనీ, బటర్ నాన్. మణికట్టుకి పట్టీ ఉంది. కిరణ్ నాన్ తుంచి తల్లి పళ్ళెంలో వేస్తున్నాడు. మంచి పిల్లాడు. అది చూసి ఒక్క నిమిషం ఆగాను. ఒక్క నిమిషమే.
"సంఘం హారతి పళ్ళెం దొరికిందట కదా పిన్నీ?"
చెయ్యి దాల్ మీద ఆగిపోయింది. "ఏ పళ్ళెం?"
"మా అమ్మ సంచీ బోర్లించి వెతికారే, ఆ పళ్ళెం."
"క్యా హువా మమ్మీ?" అన్నాడు కిరణ్. ఆవిడ తెలుగులోనే, గొంతు తగ్గించి — "పిల్లల ముందర ఎందుకే ఇప్పుడు..."
అప్పుడు మొత్తం హిందీలో చెప్పాను. మొదట్నించీ. పిల్లలకి ఒక్క ముక్క తప్పిపోకుండా. పక్క టేబుల్ వాళ్ళు కూడా తినడం ఆపారు.
"జనం ఏటనుకుంటారో అని భయపడ్డానే..."
"మా అమ్మనేటనుకున్నారో?"
శుక్రవారం పూజలో అందరి ముందూ చెప్పండి, అప్పుడు సంబంధం మాట అన్నాను. "నా వల్ల కాదు" అంది. స్వాతి తల ఎత్తలేదు. కిరణ్ తుంచిన ముక్క చేతిలోనే ఉండిపోయింది.
నా నాన్ చల్లారిపోయింది. అయినా మొత్తం తినీసాను. దాల్ చాలా బాగుంది.

జూన్ 9
రాత్రి కంచం ముందు స్వాతి — "అమ్మమ్మ గురించి నాకెందుకు చెప్పలేదు? చెప్తే నేనే అడిగేదాన్ని. నన్ను ముస్తాబు చేసి అక్కడికి తీసుకెళ్ళావు."
పిన్ని నన్ను ఒక్క మాటా అనలేకపోయింది. ఇది అనేసింది.

జూన్ 11
కిరణ్ సర్కండా ఇంట్లో తల్లిని వదిలి ఊరవతల ఉస్లాపూర్‌లో స్నేహితుడి గదికి వెళ్ళిపోయాడట. ఆఫీసరు గారు పోయాక ఇద్దరే కదా, ఇప్పుడు ఆవిడ ఇంట్లో ఒక్కతే.
సంతోషం వేసింది. ఇక్కడైనా నిజం రాయాలి. సంతోషమే వేసింది.

జూన్ 12
పిన్ని ఫోన్. "వాణ్ణి ఇంటికి పంపించవే. నువ్వు చెప్తే వింటాడు."
"రేపు చెప్తారా?"
ఫోన్ పెట్టీసింది.

జూన్ 13, శుక్రవారం
వెళ్ళాను. వెనక వరసలో కూర్చున్నాను. పిన్ని వచ్చింది. కిరణ్ లేడు, ఎవరూ తోడు లేరు. హారతి అయ్యాక లేచి నిలబడింది. "అప్పుడు పోయిందన్న పళ్ళెం అటక మీదే ఉంది. ఆదిలక్ష్మి తియ్యలేదు. నాకు తెలిసే ఆ మాట దాచాను."
నా పక్కావిడ నా వైపు వంగి అడిగింది — "ఏ ఆదిలక్ష్మి?"
అంతా కొత్తవాళ్ళే. అప్పుడు చూసిన ముప్పై మందిలో నలుగురున్నారేమో. కొందరు పోయారు, మిగతా వాళ్ళు ట్రాన్స్‌ఫర్లు. ప్రసాదం పంచడం మొదలెట్టేశారు. పిన్ని ఇంకా నిలబడే ఉంది, నా వైపే చూస్తూ.
వచ్చీసాను.
అది కాదు నాకు కావలసింది. ఆ ముప్పై మందీ కావాలి. అమ్మ వినాలి.

జూన్ 15
మధ్యాహ్నం స్వాతి, కిరణ్ ఇద్దరూ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. "మమ్మీ చెప్పింది కదా ఆంటీ. నేనూ మళ్ళీ ఇంటికి వెళ్ళిపోయాను. ఇప్పుడు మీరేమంటారు?"
ఆవిడ నేనడిగింది చేసింది. నా మాట మిగిలింది.
ఒక వారం ఆగండి అన్నాను.
"వారంలో ఏం మారుతుంది ఆంటీ?" పొగరుగా కాదు, తెలుసుకోవాలనే అడిగాడు.
స్వాతి నా ముఖంలోకే చూస్తోంది. టీ పెడతానని లేచాను. నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి... నేనింకా వంటగదిలోనే నిలబడి ఉన్నాను. కోపం ఇసుమంతైనా తగ్గలేదు. తగ్గించుకోవాలనీ లేదు. అది కాస్తా పోతే అమ్మ తరఫున ఇంకెవరున్నారు?
ముందు గదిలో పిల్లలు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. హిందీలో.