పిండిలో సిరా చుక్క

ఒరే అప్పన్నా,

నువ్వు వేటకెళ్ళి తిరిగిరాక ఈరోజుకి రెండేళ్ళు. ఈరోజే ఓట్లు కూడా పడ్డాయి. "పదారేళ్ళకే సముద్రం మీదకి తోలేస్తారు గానీ ఓటియ్యరేటి నాన్నా? ఓటెయ్యని పెద్దోళ్ళకి జరిమానా ఎయ్యాల" అని మీ నాన్నని దెప్పేవాడివి. "ఓటెయ్యకపోతే సేపలు పడవేట్రా?" అని ఆయన నవ్వేవాడు.

పొద్దున్నే నీకిష్టమైన నెత్తళ్ళ పులుసు, అన్నం లోపలి గదిలో పెట్టాను. పోయినవాళ్ళు వచ్చి తింటే అడుగు పడుతుందంటారు కదా, చుట్టూ బియ్యప్పిండి జల్లి, తలుపు మూసి ఓటుకి వెళ్ళాను. మీ నాన్న ఎప్పటిలాగే రానన్నాడు. గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

తిరిగొచ్చి తలుపు తీశాను. అన్నం కదలలేదు. పిండిలో అడుగులేమీ లేవు. ఒక్క వేలిముద్ర ఉంది. దాని మధ్యలో సిరా ఇంకా తడిగా ఉంది.

కేకేసి చెబితే, "నీ ఏలి సిరాయేనేమో సూడే" అన్నాడు మీ నాన్న.

నేనింకా ఆ గది గడప దాటలేదు.

ఆయన తన వేళ్ళు చూసుకున్నాడు. "ఆడికి పద్దెనిమిది నిండిపోనాయే" అన్నాడు. వల పక్కన పెట్టి, చొక్కా తొడుక్కుని, బూత్ మూసేస్తారేమోనని గబగబా నడిచి వెళ్ళాడు.

అమ్మ