ఆయిల్ కలిపితేనే పడవ కదిలేది

బావా,

పొద్దుటినుంచి తాడు లాగి లాగి నీ భుజం పట్టేసి ఉంటుంది. పడవ ఇంజనులో ప్లగ్గు లేదు, నేనే విప్పేశాను. వేళాకోళానికి మాత్రం కాదు. నీ చెప్పులకు జిగురు పూసినవాణ్ణి ఇలా అంటే నమ్మవని తెలుసు, అయినా చదువు.

"పొగకి జనం ముక్కులు మూసుకుంటున్నార్రా" అంటూ నిన్న ట్యాంకులో ఒట్టి పెట్రోలు పోశావు. ఆ ఇంజనుకు పెట్రోల్లో కలిపిన ఆయిలే గతి, లోపల వేరే ఆయిల్ చుక్క ఉండదు. అది లేకపోతే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. నట్టేట్లో పట్టేసిందంటే జనం ముక్కులు వదిలి నీ పీక పట్టుకుంటారు.

ట్యాంకులోది డబ్బాలోకి వంచు. లీటరుకు ఇరవై మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ పోసి, బాగా కుదిపి, అప్పుడు ట్యాంకు నింపు. కంటితో కొలవకు. నీ కంటి కొలత ఎంతటిదో నాకు కుట్టించిన చొక్కా చెబుతుంది.

ప్లగ్గు కోసం మా ఇంటిమీదికి రాకు. అక్క కొంగున ముడేసుకుంది. రోజూ పనికి ఆ పడవలోనే కదా తను ఏరు దాటేది! నువ్వు కొలిచి కలపడం కళ్ళారా చూశాకే ముడి విప్పుతానంది. నాతో అయితే కొట్లాడి గెలిచేవాడివి. ఇక తనతో కానివ్వు, చూద్దాం.

నీ బావమరిది