పాలు పితికే వేళ మైకు

మంగళవారం, సైదాబాద్

పాలు పితికే వేళ బర్రెల గల్లీకి మైకు తీసుకుపోవద్దని మొదటి నుంచీ మొత్తుకుంటున్నాను. పేరుకే ప్రచారం ప్లాను నాది! ఇవాళ తెల్లవారుజామునే మా అభ్యర్థి బామ్మర్ది జీపెక్కి పోయి సరిగ్గా అక్కడే అరిచాడు. పాలమ్మే మల్లమ్మ పొద్దున్నే నన్ను రోడ్డు మీద నిలబెట్టి కడిగేసింది.

"బర్రెలు బెదిరి పాలిస్తలేవు. ఇండ్లకు నేనేం పొయ్యాలె? నీ మైకులకెల్లి కారుతయా పాలు?"

నాకు తలెత్తబుద్ధి కాలేదు.

సాయంత్రం పార్టీ ఆఫీసులో బామ్మర్దిగారు మాత్రం, "గల్లీ గల్లీ అంత మనకోసం బయటికొచ్చింది, బావా!" అని మురిసిపోయాడు. వాళ్లు కర్రలు పట్టుకొని వచ్చారని చెప్పబోయాను. అభ్యర్థి విననేలేదు. పైగా బామ్మర్ది భుజం తట్టాడు.

"శభాష్! రేపు గూడ గదే టైముకు పో."