శనివారం కథలో మొగుడు చస్తాడు

పులివెందుల, చీనీ (బత్తాయి) తోట
శనివారం మధ్యాహ్నం

నా ప్రాణమైన ఎస్తరక్కకు,

ఈ కోడిగీతలు చూసి ఎవరో ఒకటో తరగతి పిల్ల రాసిందనుకోకు. నేనే, నీ చెల్లెల్ని. ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చేతి వేళ్లు మూడు విరిగాయి. జారిపడ్డానని ఆసుపత్రిలో చెప్పాను. నీకూ అదే చెప్పమన్నాడు మా ఆయన బాబ్జీ. చెప్పేశాను కదా, ఇప్పుడు జరిగింది విను.

పోయిన ఆదివారం చర్చిలో మా ఆయన డోలక్ వాయిస్తుంటే అందరూ మైమరిచిపోయి చప్పట్లు కొట్టారు. "నీ అదృష్టమమ్మా ఏంజెలూ" అని నలుగురు ఆడవాళ్లు నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పారు. ఇంటికొచ్చాక పొయ్యి మీద ఎసరు పెట్టి, అది కాగేలోపు నాలుగు వాక్యాలు రాసుకుందామని కూర్చున్నాను. ఆయన వచ్చి నా వెనక నిలబడ్డాడు. "రాసే చెయ్యి ఇదేనా?" అని శానా మెల్లగా అడిగాడు. అవునన్నాను. బుద్ధి లేనిదాన్ని, కొంచెం గర్వంగానే అన్నాను. ఆ చెయ్యి తీసుకుపోయి రోటి అంచున పెట్టి, రోకటిబండ వదిలాడు. నేను అరిచిన అరుపుకు తోటలో చిలకలన్నీ లేచిపోయాయి. ఆ తర్వాత ఎసరు కాగింది, సంగటి కూడా నేనే కెలికాను.

నా పెళ్లి రోజు నువ్వు చెవిలో చెప్పిన మాట గుర్తుందా? "వారానికొక కథ రాసి పంపు. మంచిదైనా సరే, చెత్తదైనా సరే. రాయని వారం నువ్వు చచ్చిపోయావనుకుంటా" అన్నావు. చిన్నప్పుడు జమ్మలమడుగులో వేసవి బైబిలు బడిలో కథల పోటీలకు నన్ను ముందుకు తోసినదానివి కూడా నువ్వే. అందుకే ఈ వారం కథ ఒక్క పేజీయే అయినా పంపుతున్నాను. ఫోను ఆయన పగలగొట్టాడు కాబట్టి, ఎప్పటిలాగే మన టైలరు సైదున్నీసా తెస్తుంది. ఆమె బట్టల కోసం ప్రొద్దుటూరు రావడం దేవుడు నాకు చేసిన మేలు.

"ప్రతి కథలోనూ మొగుడు చస్తాడేందే? వేరే సంగతులే దొరకవా?" అని పోయినసారి అడిగావు. నవ్వొచ్చింది. ఒకడు బావిలో పడ్డాడు, ఒకడు అరటికాయల లారీ కింద పోయాడు, ఒకడి మీద పిడుగు పడింది. నేను వేరేవి రాద్దామన్నా మా అత్త ఊరుకోదక్కా.

మా విజయమ్మత్తకు చదువు రాదు. శనివారం మధ్యాహ్నం కొడుకు పాటల ప్రాక్టీసుకు చర్చికి పోగానే, చాటలో శెనక్కాయలు పోసుకుని, రాళ్లు విసిరి చిలకలను తోలే వడిసెల నడుముకు చుట్టుకుని వచ్చి నా ముందు కూర్చుంటుంది. "చదువుమే" అంటుంది. మొదటి కథ అయిపోగానే చాటలో కాయలు చెరగడం మొదలుపెట్టింది. తిడుతుందనుకున్నాను. చివరకు, "శానా బిరీన సంపేసినావు. రోంతసేపు బతకనీల్సింది, నొప్పి తెలిసేదాక" అంది. మా మామ ఆమెను బండిచక్రానికి కట్టేసి కొట్టేవాడట. "ఆయప్ప నిద్దట్లో పోయినాడు, సుఖంగా. నాకు ఇప్పటికీ అదే మంట" అంది.

"కథలో చచ్చేది ఎవరో నీకు తెలుసా అత్తా?" అని ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. ఆమె ఒక కాయ చిదిపి నోట్లో వేసుకుంది. "నాకు సచ్చేటోడు నా మొగుడు. నీకు ఎవురో నాకు చెప్పాకు" అంది.

ప్రొద్దుటూరు వచ్చెయ్యమంటావు. రెండుసార్లు జమ్మలమడుగు పుట్టింటికి పోయాను కదా. సంఘపెద్దలు ప్రార్థన చేసి, నాన్న చేత ఆటో మాట్లాడించి వెనక్కి పంపారు. నా ఎడమ చెవి వినబడకుండా పోయింది ఆ రెండోసారి తిరిగొచ్చిన రోజే. ఇప్పుడు నేను పోతే ఆ దెబ్బలు ముసలామెకు పడతాయి. నేను రాను. రాస్తుంటాను, అంతే.

నీ చెల్లెలు,
ఏంజెల్


పులివెందుల
ఆదివారం

అక్కా, నా తల్లీ,

ఈ ఉత్తరం చదివి అక్కడే ఉండు, కంగారుపడి బస్సెక్కొద్దు. నేనిప్పుడు బాగానే ఉన్నాను. బాగుండటమే నాకు భయంగా ఉంది.

శెనక్కాయ చేలోకి, తోటల్లోకి అడవిపందులు పడుతున్నాయని ఇక్కడ చాలామంది చుట్టూ తీగ లాగి కరెంటు పెడతారు. తప్పని అందరికీ తెలుసు, అందరూ పెడతారు. కానీ దానికొక కట్టుబాటుంది. తీగకు కరెంటు ఇచ్చినవాడు తోట గేటుకు ఎర్రగుడ్డ కట్టాలి. పొద్దున కరెంటు తీసేశాక తనే విప్పాలి. వేరే ఎవరూ ఆ గుడ్డ ముట్టుకోరు. ఊళ్లో ఒకరికొకరు గిట్టనివాళ్లు కూడా ఆ గుడ్డను మాత్రం నమ్ముతారు. గుడ్డ ఉంటే ఆగుతారు, లేకుంటే కళ్లు మూసుకుని నడుస్తారు.

పోయిన శనివారం కథలో ఆ గుడ్డను వాడుకున్నాను. పెళ్లాం గుడ్డ విప్పి మంచినీళ్ల కడవ కింద దాచిపెడుతుంది. మొగుడు గేటు తీసుకుని లోపలికి పోతాడు. అతడు తీగ మీద ఎట్లా పడ్డాడో, ఎట్లా కొట్టుకున్నాడో అంతా రాశాను. అక్కా, నీ దగ్గర దాపరికమెందుకు? ఆ పేజీ రాస్తుంటే నా విరిగిన వేళ్లలో నొప్పి తగ్గింది. అత్త అయితే చాట పక్కన పెట్టేసి విన్నది. "కడవ కిందనా! అబ్బా, ఆడ ఏ మగోడు చూస్తాడు!" అని తొడ చరుచుకుంది.

నీకు పంపేదాకా ఉండనీ అని ఆ కాగితాలు శెనక్కాయల మూటలో దోపాను. నిన్న విత్తనాలకని ఆయన ఆ మూట విప్పాడు. నేను వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను. గడప మీద కూర్చుని, పెదవులు కదుపుతూ, ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. నేను గోడకు ఆనుకుని, తల పగలకుండా చేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బాగా రాసినావే. నిజంగా జరిగినట్లే ఉండాది" అన్నాడు. కాళ్లు కడుక్కొచ్చి బువ్వ పెట్టమన్నాడు.

ఈరోజు చర్చి నుంచి వస్తూ నాకొక పెన్ను కొనుక్కొచ్చాడు. ఈ ఉత్తరం దానితోనే రాస్తున్నాను. కొట్టేటప్పుడు నాకింత భయం వేయదక్కా. ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది, ఎప్పుడు అయిపోతుందో తెలుస్తుంది. ఈ పెన్నుతో మాత్రం రెండూ తెలియడం లేదు.

నీ
ఏంజెల్


పులివెందుల, ఆసుపత్రి
గురువారం

ఎస్తరక్కా,

నువ్వు నిన్న వచ్చినప్పుడు పోలీసుల ముందు ఏమీ చెప్పలేకపోయాను. తలకు కుట్లు పడ్డాయి, మాట తడబడుతోంది. కాగితం మీదైతే చెప్పగలను. ఇదే చివరిసారి.

సోమవారం పొద్దు గుంకుతోంది. ఆయన సంగటి ముద్ద ముందు కూర్చుని, "మోటారు షెడ్డులో టార్చి మర్సిపోయినా. పోయి తేపో" అన్నాడు. వెళ్లాను. తోట గేటుకు గుడ్డ లేదు. ఇంకా తీగకు కరెంటు పెట్టలేదనుకున్నాను. ఎవరైనా అట్లాగే అనుకుంటారు. గేటు తోసి అడుగు లోపల వేయబోయాను. వెనక నుంచి నా తల మీద ఏదో పిడుగులా పడింది. గేటు బయటే కుప్పకూలాను. నోట్లో మన్ను, కంట్లోకి కారుతున్న నెత్తురు. బాబ్జీయే వచ్చి కొట్టాడనుకున్నాను. తల తిప్పి చూస్తే దూరంగా చింతచెట్టు కింద మా అత్త. చేతిలో వడిసెల వేలాడుతోంది. నోరు తెరిచి ఏదో అరుస్తోంది. నాకు వినబడేది ఒక చెవే కదా, అంతదూరం నుంచి ఏమీ అందలేదు.

పోలీసులు రాకముందు అత్త సైదున్నీసాకు చెప్పిందట, నీళ్లకని కడవ పక్కకు తీస్తే కింద ఎర్రగుడ్డ కనబడిందని. శనివారం విన్న కథ గుర్తొచ్చి పరుగెత్తింది. పిలిచింది, నేను తిరగలేదు. అందుకుని పట్టుకునేంత దగ్గర్లో లేదు. చిలకలకు వేసే రాయి నాకు వేసింది. నేను పడినచోటికి బెత్తెడు దూరంలో తీగ ఉంది.

ఆమె నా దగ్గరికి రాలేదు. ఇంట్లోకి పోయింది. కాసేపటికి అక్కడి నుంచి అరుపులు వినబడ్డాయి, ఈసారి నా గొంతు కాదు. సైదున్నీసా పరుగెత్తుకొచ్చి పోలీసులకు ఫోను చేసింది. ఆమె చెప్పగా తెలిసింది, అత్త అదే రోకటిబండతో బాబ్జీ కుడి చెయ్యి మోచేతి దగ్గర రెండు ముక్కలు చేసిందట. కంచంలో సంగటి అట్లాగే ఉందట, నెత్తుటిలో నాని.

ఇప్పుడు అసలు సంగతి విను. పక్క వార్డులోనే ఉన్నాడు ఆయన. నా కథను జేబులోంచి తీసి ఎస్సై చేతిలో పెట్టాడు. "నన్ను సంపాలని రాసుకొన్యాది సార్. గుడ్డ తీసి దాసింది అదే. తీగ యాడుందో మర్సిపోయి అదే పోయి పడింది. మా యమ్మకు మతి చెడింది" అన్నాడు. ఎస్సై నిలబడే మొత్తం చదివాడు. "ఈ రాత నీదేనా?" అని అడిగాడు. నాదేనన్నాను. నా రాత కాదని ఎట్లా అనగలను? గుడ్డ, గేటు, కడవ, అన్నీ అందులో నా చేత్తోనే రాసి ఉన్నాయి.

అత్త ఆ తర్వాత మూడు రోజులుగా ఎవరితోనూ నోరు విప్పడం లేదు. పోలీసులు అడిగితే గోడ వైపు తిరిగి కూర్చుంటోంది. నన్ను కొట్టింది నన్ను బతికించడానికే. కానీ వాడు ఆమె కడుపున పుట్టినవాడు, ఒక్కగానొక్క కొడుకు. రేపు ఆమె ఏం చెబితే నా బతుకు అది. వాడి వైపు మాట్లాడితే నేను జైలుకు పోతాను. తప్పు పట్టలేను కూడా.

నా దగ్గర నుంచి నీకొచ్చిన కథలన్నీ కాల్చెయ్యి. ఇక రాయను. నేను మొగుణ్ణి చంపిన కథలోనే నన్ను చంపాలని చూశాడు. నేను కల్పించిన కడవ కిందనే నా చావు దాచాడు. రాయని వారం నేను చచ్చిపోయాననుకుంటానన్నావు, అట్లాగే అనుకో.

ఏంజెల్


పులివెందుల
శనివారం

అమ్మా ఎస్తరూ,

నేను విజయమ్మను. చెప్తాండేది నేను, రాస్తాండేది మీ చెల్లెలు. నా నోట్లో యా మాట వస్తే అదే రాయల్ల, ఒక్కటి కూడా దిద్దగూడదని ఒట్టేయించుకున్నా. దిద్దితే నాకు తెలుస్తాది, మూతి చూస్తే చాలు.

నిన్న టేసన్‌కు పోయినా. ఎస్సై కుర్చీ ఏసినాడు. "అవ్వా, ఈ కథ నీకు తెలుసునా?" అన్యాడు. తెలుసప్పా, ముందుగాల విన్యాది నేనే, నాకు శానా నచ్చింది అన్నా. ఆయప్ప రాసుకొనేది నిలిపి నా మొగం చూసినాడు. "అట్లయితే గుడ్డ తీసింది నీ కోడలేనా?" అన్యాడు.

అప్పుడు చెప్పినా. అప్పా, నా కొడుకు పుట్టినప్పటినుంచి ఇంట్లో నీళ్ల కడవ ముట్టినోడు కాదు. దాహమైతే లోటా చేతికియ్యల్ల. పెండ్లామైనా, తల్లైనా. సోమవారం సాయంత్రం వాడు తోటలోనుంచి వచ్చి వాడంతట వాడే కడవ ఎత్తినాడు, మళ్లా దించినాడు. నేను ఈ కండ్లతో చూసినా. ఏందిరా ఈపొద్దు వాన పడ్తాదే అని ఎగతాళి కూడా చేసినా. వాడు నవ్వినాడు. రోంతసేపటికి నేను ఆ కడవ తీస్తే గుడ్డ ఉండాది. కోడలు అంతవరకు పొయ్యికాన్నుంచి లేయనే లేదు. ఇదే నేను చెప్పేది, జడ్జి ముందర కూడా ఇదే చెప్తా అన్నా. ఏలిముద్ర ఏసినా.

మూడు రోజులు యాల పలకలేదని ఈ పిల్ల అడగతాంది. యట్ల పలుకుతా తల్లీ? వాణ్ని కన్యాది నేను. వాడు సన్నపిల్లోడుగా ఉన్నప్పుడు వాళ్ల నాయన నన్ను బండిచక్రానికి కట్టి కొడుతాంటే, ఈ బాబ్జీనే నా కాళ్లు పట్టుకొని ఏడ్సినాడు. ఆ పిల్లోడు యాడికి పోయినాడో నాకు తెల్దు. మూడు దినాలు కూచోని వాని కోసరం ఏడ్సినా. ఎత్తుకొన్న చెయ్యిని నేనే ఇరగ్గొట్టినా. కడుపు మండిపోతాంది. మండనీ. లోపలేసినారు వాణ్ని. మళ్లా అడిగినా అదే చెప్తా.

ఇంగ నా మాట ఇది. ఈ పిల్ల ఇంగ రాయనంటాంది. ఈపొద్దు శనివారం. నేను చాటలో కాయలు పోసుకొని వచ్చి కూచున్నా, చదువుమే అన్నా. ఏమీ లేదంట! కథ వల్లనే ఇంత అయిందంట. నేను తిట్టిన తిట్లు నీకు రాయల్యా ఈ పిల్ల, సిగ్గుపడి వదిలేసింది. కథ లేకుంటే ఆ గుడ్డ చూసి నాకేమి తెలుస్తాది? గుడ్డే కదాని పక్కకేసి, లోటా ముంచుకొని తాగి పండుకొనిందును. ఈ పిల్ల బూడిదయ్యిండేది. కథ చదివినాడు కాబట్టి వాడు దొంగయినాడు, కథ విన్నా కాబట్టి నేను కావలికాసే తలారినైనా.

రాయని వారం సచ్చినట్లని నువ్వే అన్నావంట కదా. అందుకే పెన్ను తెమ్మన్నా. వాడు కొనిచ్చిన పెన్ను పొయ్యిలో పారేసినా, సైదున్నీసా కాడ ఇంకొకటి ఇప్పించుకొన్నా. నేను చెప్తాండా, ఈమె రాస్తాంది. కట్టు ఇప్పినారు, కుడిచేత్తోనే రాస్తాంది. వంకరపోతాండాయి అంటాంది, పోనీలే.

ఈ వారం కథ ఇదే ఎస్తరూ. దీంట్లో మొగుడు సావలేదు. కోడలు కూడా సావలేదు. బాగుందో లేదో జాబు రాయి. వచ్చే శనివారానికి మళ్లా మొగుడు సచ్చేదే రాయమంటాండా, ఈసారి నిదానంగా.

ఇట్లు,
విజయమ్మ, ఏలిముద్ర
రాసింది ఏంజెల్