అత్తమ్మ మోకాలికి జపాను ఆకు

నగానో, జపాను
28 అక్టోబరు 1951

ఉప్పలమ్మ అత్తమ్మకు లీల దండాలు.

మూడేళ్లుగా నిన్నొక మాట అడగాలని ఉంది. రజాకార్లు మోత్కూరు మీద పడ్డ రోజుల్లో జొన్నచేలల్లో దాక్కుంటూ కూడా "అందరం మంచిగున్నం, ఫికర్ చెయ్యకు" అని నాకెందుకు రాయించావు? గోడ దూకి మోకాలు పాడుచేసుకున్నావని పోలీసు యాక్షన్ అయినాక గాని నాకు తెలియలేదు. అప్పటిదాకా పట్నంలో నిశ్చింతగా పాఠాలు చెప్పుకున్నాను. అలా రాయడం తప్పా, ఒప్పా?

నారాయణపేట నేతగాళ్ల కోసం నూలుకు రంగులద్దే పని నేర్చుకోమని సర్కారు నన్నిక్కడికి పంపింది కదా, నిన్న సెలవు. చలి మొదలయ్యే ముందు ఇక్కడివాళ్లు కొండలకు పోయి ఎర్రబడ్డ ఆకులు చూస్తారు. కొయ్యరు, ఉత్తగా చూసి వస్తారు. నేనూ పోయాను. కొండకు కొండే కుంకుమ పోసినట్టుంది. ఒక ఆకు ఇందులో పెడుతున్నాను.

దవాఖానకు పోతున్నావా?

నీ మేనకోడలు
లీల

తా.క. ఆకులు చూడడానికి రైలు టిక్కెట్టు కొన్నానని ఊళ్లో చెప్పకు.

మోత్కూరు
14 నవంబరు

బిడ్డ లీలకు అత్తమ్మ దీవెనలు. చెప్తున్నది నేను, రాస్తున్నది గులాం నబీ సారు.

ఆకు అందింది. పోలీసు క్యాంపు జమేదారు కవరు చింపి, ఆకు ఎర్రగెందుకున్నది, కమ్యూనిస్టుల గుర్తా అని గంటసేపు అడిగిండు. మోకాలు సూపిచ్చి మందని చెప్పిన, ఇడిసిపెట్టిండు. నాకు తెల్వదా బిడ్డా? గంత దూరం పోయి, కొండెక్కి, ఉత్తగ ఆకులు ఎవలన్న సూస్తరా? నా కోసమే తెచ్చినవు. సగం చింపి ఆముదంల నానబెట్టి నూరిన. పత్తి లెక్క అయింది. కట్టిన నాలుగొద్దులకే కాలు తేలికైంది. మోకాలు మాత్రం ఎర్రగయింది, కడిగినా పోతలేదు. శాన బలమున్న ఆకు.

దవాఖానకు ఇగ పోను.

నీ అత్తమ్మ

తా.క. మిగిలిన సగం పక్కింటి లాడ్లీ బేగం మోచేతికి కట్టినం. జమేదారు నడుం పట్టుకొని వచ్చి కూసున్నడు. ఒక సంచెడు పంపు.

నగానో
27 నవంబరు

అత్తమ్మా, దండాలు.

అది మందు కాదు. నీ మీద ఒట్టు, మందు కాదు. ఇక్కడ దాన్ని ఎవరూ నూరరు, కట్టరు. దయచేసి దవాఖానకు పో.

లీల

తా.క. జమేదారు నడుంతో నాకేం సంబంధం లేదని సారుతో చెప్పించు.

మోత్కూరు
12 డిసెంబరు

బిడ్డా, దీవెనలు.

నువ్వు ఒట్టు పెట్టినంక అందరికి నమ్మకం కుదిరింది. అచ్చంపేట అడివి దిక్కు ఆకుమందు ఇచ్చేటోళ్లు ఎవలన్న మందిచ్చినమని ఒప్పుకుంటరా? చెప్తే మందు పన్జెయ్యది. గంత సదివినా రివాజు మర్వలేదు నువ్వు.

మూడేండ్ల సంది బండెక్కకుంట గడప దాటనిదాన్ని, మొన్న అంగడికి నడిసిపోయిన. వంకాయలు నేనే ఏరుకున్న. కూరగాయలమ్మే బిక్షమ్మ నన్ను సూసి తరాజు కింద పెట్టి ఏడ్సింది. గని ఆకు అయిపోయింది, నొప్పి మల్ల మొదలైతాంది. నువ్వు పంపకపోతే మల్ల మూలకు కూసుంట.

నీ అత్తమ్మ

తా.క. రాసిన గులాం నబీ మనవి: అమ్మా, నా మెడ కూడా పట్టేసింది. మందని నేనెవరికీ చెప్పను.

నగానో
26 డిసెంబరు

అత్తమ్మా, దండాలు.

ఆ రోజు కొండ మీద పొగమంచు. పక్కన నిలబడ్డ మనిషి కనిపించలేదు. నేను ఒక్క ఆకూ చూడలేదు. కుంకుమ పోసినట్టుంటుందన్నది రైల్లో ఒకామె చెప్పిన మాట. ఇంత దూరం వచ్చి ఏమీ చూడలేదని నీకు రాయబుద్ధి కాలేదు. స్టేషనులో అమ్ముతుంటే ఒక ఆకు కొన్నాను. అది కాగితం ఆకు.

ఇది చదివితే నువ్వు మళ్లీ మూల కూర్చుంటావేమో. చదవకపోతే దవాఖానకు పోవు. నడిచింది మాత్రం నీ కాళ్లతోనే అత్తమ్మా, అది నిజం.

లీల

తా.క. నీ మోకాలికి అంటింది నేనిక్కడ నేర్చుకుంటున్న రంగే. కడిగినా పోలేదంటే నారాయణపేటకు మంచి కబురే. ఈ ఉత్తరం రాసి మూడు రోజులైంది. మొన్న స్టేషనుకు పోయి ఇంకో నాలుగు కాగితం ఆకులు కూడా కొన్నాను. ఈ ఉత్తరమా, ఆ ఆకులా, కవరులో ఏది పెట్టాలో నాకింకా తేలలేదు.