ఆటస్థలంలో చిట్టి గద్దె

నవంబరు 4, మంగళవారం

చిట్టీ, ఈ రోజు నీ గద్దె దగ్గర గొడవ. మన్నెగూడలో సిమెంటు దుకాణం ఉన్న యాదగిరి మన కాలనీ ఆటస్థలంలో రేకుల షెడ్డు వేస్తున్నాడు. బస్తాలు పెట్టుకోవడానికట. ఆడవాళ్లమంతా పోయాం. పక్కింటి సుగుణక్క కొంగు నడుముకు చుట్టి ముందు నిలబడింది.

"గిది నీ అయ్య జాగనారా? పోరగాండ్లు ఆడుకునే జాగ!"

వాడు నా వైపు చూశాడు. "మరి ఈమె బిడ్డ గద్దె ఎవరి జాగల ఉన్నది? గదుండంగ నా షెడ్డుకేమైంది?"

ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. సుగుణక్క కూడా...

నవంబరు 5

అన్నం సయించలేదు.

నువ్వు పోయిన నెలకే నీ గుర్తుగా కట్టించాను ఆ గద్దె. సైకిల్ నేర్చుకున్నది అక్కడే కదా అని. ఎవరినీ అడగాలని తోచలేదు. నా ముఖం చూసి ఎవరూ వద్దనలేదు. వాడు చెడ్డవాడే — కానీ అడిగిన మాట తప్పు కాదు.

నవంబరు 7

మీ బాపుతో అన్నాను, తీసేద్దామని.

"నీ పానం ఒప్పుతదా?"

"ఒప్పది. అయినా తీద్దాం."

బాపు గడ్డపార వెతకడానికి లేచాడు.

నవంబరు 8, శనివారం

తీసేశాం. మొదటి పోటు నేనే వేశాను. సుగుణక్క ఒకటే ఏడుపు. "ఏడ్సుడు తర్వాత అక్కా, ఇటుకలందుకో" అన్నాను. ఇటుకలు ఆటస్థలం అంచున ఉన్న కానుగ మొక్కల చుట్టూ పేర్చాం. నీ పేరున్న రాయి ఇంటికి తెచ్చాం. బాపు రెండుసార్లు కడిగాడు.

యాదగిరి దూరం నుంచి చూస్తున్నాడు. "మాది తీసినం. ఇగ నీదెప్పుడు?" అంది సుగుణక్క.

"సూద్దాంలే" అన్నాడు. తల ఎత్తలేదు.

నవంబరు 10

షెడ్డు తీయించమని మున్సిపాలిటీలో అర్జీ ఇచ్చాం. మొదటి సంతకం నాతోనే పెట్టించారు. రాతతో పాటు నువ్వు నేర్పిన సంతకమే — చివరి గీత ఇంకా వంకరే.

నవంబరు 11

సాయంత్రం పిల్లలు గద్దె ఉన్నచోట ఖోఖో ఆడుతున్నారు. సుగుణక్క మనవరాలు పింకీ నా దగ్గరికి ఉరికొచ్చింది.

"అమ్మమ్మా, ఇగ ఈడ ఒర్రొచ్చా?"

"ఎందుకు ఒర్రొద్దే?"

"చిట్టక్క పండుకున్నదట. సప్పుడు జేయొద్దని మా అమ్మ అన్నది."

ఇన్నాళ్లూ ఆ మూల పిల్లలు గుసగుసలాడుకుంటూ తిరిగారన్నమాట. నిన్ను లేపుతామని!

"చిట్టక్కకు లొల్లంటే మస్తు ఇష్టం. ఒర్రుండ్రి" అన్నాను.

ఎంత ఒర్రారో... అరుపులు ఇంట్లోకి వినబడుతున్నాయి. నవ్వొచ్చింది నాకు.

నవంబరు 12

యాదగిరి రెండు రేకులు దించాడు. మిగతావి అట్లనే ఉన్నాయి. సర్వేయరు శుక్రవారం వస్తాడట. వస్తాడో రాడో.

పుంటికూర పప్పు చేశాను. బాపు మళ్లీ పెట్టించుకున్నాడు. నేనూ తిన్నాను.

నువ్వు కూడా కడుపునిండ తిను, బిడ్డా.